రేక పడితే చెట్టు పేరు చెప్తారు

ధూళిమిట్ట: తాటాకు రేకలో పోసిన కల్లు రెండు గుక్కలు మింగి, మీసం తుడుచుకోకముందే "ఇది కట్ట కింది చెట్టుది కాదు, గుట్ట పక్కది" అని చెప్పగల పెద్దమనుషులు ధూళిమిట్ట పరిసర గ్రామాల్లో నేటికీ కనిపిస్తారు. ఏ చెట్టు, ఏ పొద్దు, ఎవరి చెయ్యి అనే మూడు సంగతులూ వారు నాలుక మీదనే తేల్చుకుంటారు. ఫ్రాన్సు దేశంలో ద్రాక్ష వైను రుచి చూసి అది ఏ ఊరి తోటదో, ఏ ఏటి పంటదో చెప్పేవారికి పెద్ద పెద్ద జీతాలు, బిరుదులు ఉన్నాయి. మనవారికి జీతమూ లేదు, బిరుదూ లేదు. పైగా తాగుబోతు ముచ్చట్లని ఇంట్లో చీవాట్లు. అయితే ఊరు తాగే కల్లుకు ఇన్నాళ్లూ పరీక్షాలయం ఆ ముచ్చట్లే. లొట్టిలో ఏమున్నదో, ఎవరు పోశారో పదిమందిలో తేలిపోయేది. ఆ పరీక్షాలయం మూతపడే సూచనలు కనిపిస్తున్నాయి గనుకనే ఈ వివరాలు రాయవలసి వచ్చింది.

ధూళిమిట్ట మొన్నమొన్నటిదాకా మద్దూరు మండలంలో ఒక గ్రామం. వరంగల్ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరింది. ఆ తర్వాత ధూళిమిట్ట విడిగా మండలమయింది. 1948 ఆగస్టు 27న రజాకార్లకు, నిజాం సేనలకు ఎదురొడ్డి పెద్ద సంఖ్యలో ప్రాణాలర్పించిన బైరాన్‌పల్లి ఈ మండలంలోనిదే. ఇటు చేర్యాల, అటు జనగామ. వానలు అంతంతమాత్రంగా కురిసే మెట్ట నేల. చెరువు కట్టల మీద, పొలం గట్ల వెంట తాటి చెట్లు. వాగుల ఒడ్డున, పడావు భూముల్లో ఈత చెట్లు. వరి పండని ఏడు కూడా ఈ చెట్లు ఊరిని పూర్తిగా వదిలిపెట్టవు.

మండువ కాడి మాట

గౌడ చెట్లు దిగి మండువ కాడికి వచ్చేసరికి అక్కడ నలుగురైదుగురు కూచొని ఉంటారు. కొందరిది వాడిక. అంటే ఫలానా చెట్టు కల్లు ఫలానా ఇంటికి రోజూ పొయ్యాలని ముందే మాట్లాడుకున్న ఏర్పాటు. కొందరు దారినపోతూ ఆగినవారు. ఎవరికి వారే రేక మలుచుకుంటారు. తాటాకును దోనెలాగా మడిచి రెండు చేతులా పట్టుకుంటే గౌడ వంచిన లొట్టి నుంచి ధార పడుతుంది. గాజు గ్లాసుతో తాగినవారికి ఈ రేక సంగతి తెలియదు. పచ్చి ఆకు వాసన కల్లుతో కలిసి మొదటి గుక్కకు ఒక రుచినిస్తుంది. రెండో గుక్కకు అది పోతుంది. అందుకే పాతకాలపువారు మొదటి గుక్క మీద తీర్పు చెప్పరు. రెండోదాని మీదే చెప్తారు.

మొదట చూపుతోనే సగం తేలుతుంది. చెట్టు నుంచి అప్పుడే కారిన నీరు తేటగా ఉంటుంది. పులిసేకొద్దీ పాలనీళ్ల వలె తెల్లబడుతుంది. నురుగు సన్నగా, ఎడతెగక లేస్తుంటే కల్లు ఇంకా పనిలో ఉన్నదని అర్థం. నురుగు చచ్చి పైన చప్పగా నిలిచిందంటే నిన్నటిదైనా కావాలి, నీళ్లు పడ్డదైనా కావాలి. తర్వాత ముక్కు. పొగ వాసన వస్తే లొట్టిని మంట మీద బాగా కాల్చి కట్టారని, మడ్డి వాసన వస్తే అడుగున పాతది అలాగే ఉన్నదని తెలుసుకుంటారు. ఆ తర్వాత నాలుక. తీపి, పులుపు, వగరు, ఘాటు అనే నాలుగు మాటలతో మొదలుపెట్టి, "తీపిమీద ఉన్నది", "ఇప్పుడే పులుపుకు తిరిగింది", "నోరు పట్టేస్తున్నది", "నీళ్లగున్నది" అంటూ పోతారు. చివరగా గొంతు. గొంతులో జారిన తర్వాత వెనక మిగిలేది ఏమిటో చెప్పడానికి కాసేపు ఆగుతారు. ఆ ఆగడం చూడవలసిందే. అప్పటిదాకా గలగల మాట్లాడినవారు కూడా పంచాయతీ తీర్పు వినేటట్లు నోరు మూసుకుంటారు.

ఇక వాదులాట మొదలవుతుంది. "ఏం బావా, ఇయ్యాల లొట్టి కడుగలేదా?" అని ఒకరంటే, "రాత్రి చినుకులు పడ్డయి, నీళ్లు దిగినయి, నేనేం చేద్దు?" అని గౌడ జవాబు. "మామా, పోయినేడు ఇదే చెట్టు బెల్లం పానకం లెక్కుండె" అని మరొకరు. వరసలు పెట్టి పిలుచుకుంటూ సాగే ఈ పరాచికాల్లో అసలు సంగతి ఏమిటంటే, గౌడ ప్రతి పొద్దూ తన కల్లుకు నలుగురి ముందు జవాబు చెప్పుకుంటున్నాడు. ఎదురుగా నిలబడి పోసినవాణ్ణి ఎదురుగానే అడుగుతున్నారు. జిహ్వకో రుచి అంటారు గాని, లొట్టి కడగని రుచి మాత్రం అందరి జిహ్వకూ ఒకటే.

ఈ విద్యలో ఆడవారు తీసిపోరు. నాటు వేసి, కలుపు తీసి ఇంటికి చేరిన అమ్మలక్కలు కల్లు తాగడం మన పల్లెల్లో తప్పుగా ఎంచేది కాదు. చావుకైనా, పండుగకైనా, పోచమ్మకో ఎల్లమ్మకో సాక పొయ్యాలన్నా కల్లు కావలసిందే. దేవతకు పోసే కల్లు పులిసిపోయినదైతే గౌడకు ముందుగా చీవాట్లు పెట్టేది ఇంటి పెద్దమ్మలే.

తాడు రుచి వేరు, ఈత రుచి వేరు

కల్లు అంటే ఒకటే అనుకునేవారు పట్నంలో ఉండవచ్చు. ఇక్కడ అలా అంటే నవ్వుతారు. ఈత కల్లుకు చలికాలం పెట్టింది పేరు. మంచు కురిసే పొద్దున దిగిన ఈత కల్లు తియ్యగా, తేలికగా ఉంటుంది. నాలుక మీద ఎక్కువసేపు నిలవదు. తాటి కల్లు బరువు. తీపి వెనక కాస్త వగరు, దాని వెనక ఘాటు వస్తాయి. తాటిలో మళ్లీ పోతు చెట్టు, పండు చెట్టు అని తేడా ఉన్నది. పోతు చెట్టు గెల నుంచి దిగేది పోద్దాడు కల్లు. చలి వెళ్లేకాలంలో దానిదే రాజ్యం. తర్వాత పరుపుదాడు. ఎండలు ముదిరిన తర్వాత పండుదాడు. ఏది గొప్ప అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు, రాదు కూడా. పోద్దాడు తాగినవారికి పండుదాడు మోటుగా తోస్తుంది. పండుదాడుకు అలవాటుపడినవారు ఈత కల్లును పిల్లల పానకమంటారు. ఎవరి నాలుక వారిదే గనుక ఈ విషయంలో ఈ విలేకరి తీర్పు చెప్పదలచుకోలేదు.

గీసే పద్ధతి కూడా వేరు. తాటికి గెలను మెల్లగా వత్తి, కట్టు కట్టి, కొసను పూటపూటకూ పల్చగా చెక్కుతారు. ఒక రేకు మందాన చెక్కితే చాలు, చుక్కలు కారుతాయి. ఎక్కువ చెక్కితే గెల త్వరగా అయిపోతుంది, తక్కువ చెక్కితే కారదు. ఈతకు గెలతో పనిలేదు. మొవ్వు కింద బోదెను ఒక పక్క చెక్కి, గాడి పెట్టి, లొట్టి కడతారు. కొన్నాళ్లు గీసి చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. ఒక ఏడు ఒక పక్క, మరో ఏడు మరో పక్క గీస్తారు గనుక ముసలి ఈతచెట్టు బోదె మెట్లుమెట్లుగా వంకర తిరిగి ఉంటుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో చెప్పవచ్చు. విశ్రాంతి ఇవ్వక గీసిన చెట్టు కల్లు పల్చన పడుతుంది, కొన్నాళ్లకు చెట్టే చస్తుంది. ఆశపోతు గౌడను కల్లే పట్టిస్తుంది.

నేల తేడా మీద మండువలో జరిగినంత వాదం మరే దాని మీదా జరగదు. చెరువు కింద నీటి ఊట ఉన్న చోట చెట్టు ఎక్కువ పోస్తుందని, గుట్ట మీది చెట్టు తక్కువ పోసినా చిక్కగా పోస్తుందని ఇక్కడి వాదన. నీళ్లు తాగిన చెట్టు కల్లు నీళ్లగానే ఉంటుందన్నది దీనికి చెప్పే కారణం. ఫ్రాన్సు ద్రాక్ష రైతులు కూడా సరిగ్గా ఈ మాటే అంటారు. వాలు మీద, రాతి నేలలో, అరకొర నీటితో పెరిగిన తీగ పండ్లు తక్కువగా కాసినా వాటి రసం చిక్కన అని వారి నమ్మకం. మన గుట్టకూ వారి గుట్టకూ వేలాది మైళ్ల దూరమున్నా మాట మాత్రం ఒకటే.

కత్తి, లొట్టి, పొద్దు

రుచి చెట్టులో సగమే పుడుతుంది. మిగతా సగం లొట్టిలో పుడుతుంది. చెట్టు నుంచి కారే నీటిలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది, మత్తు అసలే ఉండదు. దానినే నీర అంటాం. గాలి నుంచి, ఈగల కాళ్ల నుంచి, కత్తి నుంచి, లొట్టి గోడల నుంచి ఈస్టు అనే కంటికి కనిపించని జీవి అందులో పడుతుంది. అది చక్కెరను తిని సారను, బొగ్గుపులుసు వాయువును విడిచిపెడుతుంది. నురుగు ఆ వాయువే. దానితోపాటు కొన్ని బాక్టీరియాలు చేరి పులుపునిస్తాయి. పులియడమనేది జీవుల పనేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 నుంచి జరిపిన పరిశోధనల్లో నిరూపించాడు. పాశ్చర్ పేరు వినని మన గౌడలకు కూడా లొట్టి అడుగున పాత మడ్డి ఉంచితే కల్లు తొందరగా పులుస్తుందని, కడిగి కాల్చి కడితే తీపి నిలుస్తుందని, లోపల సున్నం పూస్తే పులియక నీరగానే ఉంటుందని తాతల కాలం నుంచి తెలుసు.

అందుచేత కల్లుకు వయసు గంటల్లోనే. రాత్రంతా కారి పొద్దున దిగినది తీపి. నడిపొద్దుకు తీపి, ఘాటు సమంగా ఉంటాయి. మాపటికి పులుపు. ఒక పొద్దు గడిచిందంటే సిర్కా దారి పడుతుంది. సారపాలు నూటికి నాలుగైదు పాళ్లకు అటుయిటు, అంటే దాదాపు బీరుతో సమానం. కల్లు మందని, ఎంత తాగినా ఏమీ కాదని చెప్పేవారి మాటలు నమ్మదగినవి కావు. పులిసిన కల్లులో ఉన్నది కూడా సారే. తాగి బండి ఎక్కేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొక జాగ్రత్త చెప్పవలసి ఉన్నది. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈత నీరు తాగినవారికి నిపా అనే ప్రాణాంతక జ్వరం సోకిన సంఘటనలు 2001 తర్వాత పలుమార్లు జరిగాయి. రాత్రిపూట గబ్బిలాలు వచ్చి కారుతున్న నీటిని నాకడం, లొట్టిలో ఉచ్చ పోయడం దీనికి కారణమని తేలింది. అక్కడ వెదురు దబ్బలతోనో, జనుపనారతోనో అల్లిన తడికను గాటుకు, కుండకు అడ్డంగా కట్టే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. మన దగ్గర చీమలు, తేనెటీగలు పడకుండా చూసుకునేవారు గబ్బిలాల సంగతి కూడా ఆలోచిస్తే మంచిది. ఖర్చు ఒక తడిక మాత్రమే.

సముద్రాల కవతల రుచి చూసేవారు

వైను రుచి చూసే పెద్దమనుషుల కథ మన మండువవారికి వినసొంపుగా ఉంటుంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో 1855లోనే ఏ తోట వైను మొదటి తరగతిదో, ఏది అయిదో తరగతిదో జాబితా రాసి పెట్టారు. స్వల్ప మార్పులతో ఆ జాబితా నేటికీ చెల్లుతున్నది. ఫ్రాన్సు వైనుకు సాటి లేదని లోకమంతా నమ్మిన రోజుల్లో, 1976 మే 24న పారిస్ నగరంలో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఒక పరీక్ష పెట్టాడు. సీసాల పేర్లు కనబడకుండా ఫ్రెంచి వైనులు, అమెరికాలోని కాలిఫోర్నియా వైనులు కలిపి, ఫ్రెంచి నిపుణుల చేతనే మార్కులు వేయించాడు. తెల్ల వైనులోనూ ఎర్ర వైనులోనూ కాలిఫోర్నియా సీసాలే మొదట నిలిచాయి. తీర్పు చెప్పినవారు తెల్లబోయారట. పేరు చూసి తాగడానికీ, నోటితో తాగడానికీ ఉన్న తేడా ఆ రోజు బయటపడింది.

వారి మాటల మూట కూడా విచిత్రమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 1984లో వైను వాసనల చక్రమొకటి తయారుచేశారు. అందులో పండ్లు, పూలు, మసాలా దినుసుల పేర్లతోపాటు తడిసిన అట్ట, తడిసిన కుక్క, కిరోసిన్ వంటివి కూడా ఉన్నాయి. మన మడ్డి వాసన, పొగ వాసన వినేందుకు మోటుగా ఉన్నాయనుకునేవారు ఆ చక్రం చూస్తే నోరు మెదపరు. తేడా ఒక్కటే. వారి మాటలను కాగితం మీద పెట్టి పిల్లలకు పాఠం చెప్తున్నారు. మన మాటలను ఎవరూ రాసి పెట్టలేదు. చెప్పేవారు పోతే మాట కూడా పోతుంది.

మరొక తేడా ఉన్నది. వైను సీసా పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలుస్తుంది. అందులో ఏమున్నదో, ఎక్కడిదో సీసా మీద చీటీ చెప్తుంది. పదేళ్ల నాటి తప్పును కూడా ఆ చీటీ పట్టుకొని అడగవచ్చు. కల్లుకు ఒక్క పొద్దే ఆయుస్సు. చీటీ లేదు. చెట్టు దిగి వచ్చి ఎదురుగా నిలబడిన గౌడే దానికి చీటీ. ఆ మనిషి మధ్యలో లేకుండా పోయిననాడు ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం.

డ్రమ్ములో కలిసిన తర్వాత

పట్టణాల కల్లు కాంపౌండ్లకు, కొన్ని పల్లెల దుకాణాలకు కల్లు అనేక చెట్ల నుంచి, అనేక ఊళ్ల నుంచి వస్తుంది. అంతా డ్రమ్ముల్లో కలిసి సీసాల్లోకి పోతుంది. ఏ చెట్టుదని అడిగేవారు లేరు, చెప్పేవారు లేరు. చెట్లు చాలనిచోట కల్లు పెరగాలంటే నీళ్లు కలపాలి. నీళ్లు కలిపితే తీపి పోతుంది గనుక శాక్రిన్ కలపాలి. మత్తు పోతుంది గనుక క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మందులు కలపాలి. ఇవి నిద్రకు, మనసు జబ్బులకు వైద్యులు కొలిచి ఇచ్చే మందులు. అలవాటయితే మానుకోవడం కష్టం. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతాల్లో అధికారులు కల్తీ కల్లును అరికట్టడం మొదలుపెట్టగానే ఎంతోమంది వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ, ఫిట్సు వచ్చి ఆస్పత్రుల పాలయ్యారు. వారిని పట్టుకున్నది కల్లు అలవాటు అనుకున్నారు గాని, అసలు పట్టుకున్నది మందుల అలవాటు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. మరెందరో మూత్రపిండాలు దెబ్బతిని ఆస్పత్రిలో చేరారు. చనిపోయినవారిలో ఎక్కువమంది కాయకష్టం చేసుకునేవారే.

మరి మండువ పెద్దల నాలుక ఈ కల్తీని పట్టగలదా? కొంతవరకు పట్టగలదు. శాక్రిన్ తీపి చెట్టు తీపిలాగా కరిగిపోదు, నాలుక చివర చేదుగా వేలాడుతుంది. అంతకన్నా మంచి గుర్తు పొద్దు. చెట్టు కల్లు పొద్దునకూ మాపటికీ మారి తీరుతుంది. పొద్దున ఎలా ఉన్నదో మాపటికీ అలాగే ఉండి, మర్నాడు కూడా పులవని కల్లును అనుమానించవలసిందే. తాగినవాడు ఉషారుగా మాట్లాడకుండా గంటలోనే తూలి, నాలుక మడతపడి, మొద్దు నిద్రలోకి పోతున్నాడంటే అది చెట్టు మత్తు కాదని పెద్దలు చెప్తారు. అయితే ఒక మాట స్పష్టంగా రాయాలి. అల్ప్రాజోలం వంటి మందు చిటికెడులో చిటికెడు చాలు. డ్రమ్ములో కలిసిన తర్వాత ఎంత గొప్ప నాలుకకైనా అది దొరకదు. దానిని పట్టేది ఆబ్కారీవారి ప్రయోగశాల మాత్రమే. నాలుక ఊరిని కాపాడింది కేవలం తన గొప్పతనం వల్ల కాదు, కల్లుకు చెట్టు పేరు, మనిషి పేరు ఉండటం వల్ల. డ్రమ్ము ఆ రెండు పేర్లనూ ముంచివేస్తుంది.

ఆబ్కారీ నియమాల్లో ఈ సంగతి ఉన్నట్లే ఉన్నది. గీత సహకార సంఘాలకు, విడిగా గీసే కార్మికులకు చెట్లు కేటాయించి లైసెన్సులిచ్చే పద్ధతి ఉన్నది. సంఘానికి ఇన్ని చెట్లని కాగితం మీద ఉంటుంది. ఆ చెట్లు ఎన్ని సీసాలు పొయ్యగలవో, దుకాణంలో ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయో పక్కపక్కన పెట్టి చూస్తే కల్తీ ఎక్కడుందో లెక్కలోనే తేలుతుంది. దానికి నిపుణులు అక్కరలేదు, నాలుకా అక్కరలేదు. ఆ లెక్కను పంచాయతీ గోడ మీద రాసి పెట్టించమని గ్రామసభలో అడగవచ్చు.

ఎక్కేవారేరీ?

చెట్టు పేరు నిలవాలంటే చెట్టెక్కే మనిషి ఉండాలి. మోకు, ముత్తాదు, గుజి, గీత కత్తి నడుముకు తగిలించుకొని ఒక్కొక్క పొద్దు పదుల చెట్లు ఎక్కి దిగే పని. వానాకాలం బోదె జారుతుంది. మోకు తెగితే ప్రాణం పోతుంది, లేదా నడుము విరిగి మంచాన పడాలి. ఏటా రాష్ట్రంలో ఎందరో గీత కార్మికులు ఇలా పడిపోతున్నారు. చనిపోయినవారి కుటుంబాలకు, శాశ్వతంగా వికలాంగులైనవారికి ప్రభుత్వ పరిహారం ఉన్నా, కాగితాల తిరుగుడు తక్కువేమీ కాదు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ పేరుతో తాళ్లు, పట్టాలు, కొక్కేలతో కూడిన సరంజామా పంపిణీ మొదలుపెట్టింది. కాటమయ్య అంటే కంఠమహేశ్వరుడు, గౌడల కులదైవం. చేర్యాల నకాశీ పటాల మీద గౌడ జెట్టీలు పాడి చెప్పే కథ ఆయనదే. పాత మోకుకు అలవాటుపడిన చేతులకు కొత్త సరంజామా వెంటనే రుచించకపోవచ్చు. శిక్షణ తీసుకొని వాడినవారు పడకుండా నిలుస్తారన్నది మాత్రం గమనించవలసిన విషయం.

కల్లు మాట వస్తే ఈ పక్కన సర్వాయి పాపన్న మాట రాక మానదు. ఇక్కడికి దగ్గరలోనే, జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో ఆయన కోట ఇంకా నిలిచి ఉన్నది. గీత కులంలో పుట్టి, కోటలు కట్టి, 1708లో వరంగల్ మీద పడి, 1710లో మొగలు సేనల చేతిలో ప్రాణాలిచ్చిన పాపన్న గీత కత్తిని వదిలి వేరే కత్తి పట్టాడు. ఇప్పటి గౌడ కుర్రవాళ్లు కూడా గీత కత్తిని వదులుతున్నారు. అయితే వారు పడుతున్నది హైదరాబాదు బస్సు. ఇందులో వారిని తప్పుపట్టడానికి లేదు. నలభై అడుగుల ఎత్తున రోజుకు రెండుసార్లు ప్రాణం తాకట్టు పెట్టే పనికి వచ్చే ఆదాయం ఎంతో అందరికీ తెలిసిందే. పల్లెల్లో బెల్టు షాపుల బీరు సీసా ఆ ఆదాయాన్ని మరింత తగ్గించింది.

2015లో మొదలైన హరితహారం కింద ఈత, తాటి మొక్కలు కూడా నాటారు. ఈత కొన్నేళ్లలోనే గీతకు వస్తుంది. తాటి అలా కాదు, నాటినవాడు తాగడం కష్టం, కొడుకు తాగాలి. 2023 మేలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. పులియని నీరను చల్లగా అక్కడ అమ్ముతారని పట్నం నుంచి వచ్చినవారు చెప్తుంటే మండువవారు ముక్కున వేలేసుకున్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇక నుంచి కల్లు చెట్టు నీటిని కూడా పాలలాగా తాగే రోజులు వచ్చాయన్నమాట. నీర మంచిదే. మత్తు లేదు, ధర పలుకుతుంది, గౌడకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కాని నీరలో పొద్దునకూ మాపటికీ తేడా ఉండదు. మండువలో వాదులాడుకోవడానికి పని తగ్గుతుంది.

ప్రస్తుతానికి ధూళిమిట్ట పక్కన వాడిక కల్లు ఇంకా దొరుకుతున్నది. కావలసినవారు పోద్దాడుకు చలి ఉండగానే, పండుదాడుకు ఎండలు ముదరకముందే తమ గౌడతో మాట్లాడుకోవడం మంచిది. ఏ చెట్టు కల్లు పోస్తాడో ఆ చెట్టును ఒకసారి వెళ్లి చూసి రండి. మండువకు పిల్లవాణ్ణి ఎవరినైనా తోడు తీసుకుపోతే, తాగనీయకుండా, వాసన మాత్రం చూపించి పేర్లు చెప్పించండి. లొట్టి కడిగారో లేదో చెప్పడానికి ముక్కు చాలు.